కొక్కేనికి గుర్తు లేదు

ఇల్లు అంటుకున్నాక బావి తవ్వేవాణ్ణి చూసి నవ్వుతారు కదా.
నేను అంటుకోకముందే తవ్వుతాను,
పైకప్పులో, తలకిందులుగా.
జీతం ఇచ్చేది అందుకే.

ఔలు నగరం. జనవరి.
మూడు కొట్టకముందే కిటికీ నల్లబడింది.
తెరమీద ఒక వృద్ధాశ్రమం, కొత్త విభాగం.
ఇరవై రెండు గదులు.
గోడల మందం ఉంది, తలుపు ఏ వైపు తెరుచుకోవాలో ఉంది,
మనుషుల్ని మాత్రం ఇంకా ఎవరూ గీయలేదు.

గదిని ఎంచుకుని మీట నొక్కితే
సాఫ్ట్‌వేరే నాటేస్తుంది స్ప్రింక్లర్లను,
సాలులో బంగాళాదుంపలు నాటినట్టు,
గోడకింత ఎడం, ఒకదానికొకటి ఇంత ఎడం.
చూడముచ్చటగా ఉంటుంది,
దూలం అడ్డొచ్చేదాకా.

తర్వాత తగువు.
"నీ పైపు నా గాలిగొట్టం కడుపులోంచి పోతోంది సైమీ,"
పక్క బల్ల నుంచి టోర్స్తి.
తెరమీద మా ఇద్దరి తప్పూ ఎర్రగా వెలుగుతుంది.
నేను పది సెంటీమీటర్లు దిగుతాను,
అతను గొణుగుతూ ఐదు ఎక్కుతాడు.

అటకలో మైనస్ ముప్పై.
నీళ్లు నింపితే గడ్డకట్టి ఇనుము చీలుతుంది.
అందుకని అక్కడి పైపుల్లో ఉత్త గాలే.
నీళ్లు కింద, వెచ్చని గదిలో, కవాటం వెనక
చెవులు రిక్కించుకుని కూర్చుంటాయి.
ఎన్నేళ్లయినా సరే.
రాకూడదని కోరుకుంటూ
నేను లెక్కలు కట్టే వాన అది.

నిన్న పాత విభాగం కొలవడానికి వెళ్లాను.
పద్నాలుగో గది. ఐలి కుర్కెలా, తొంభై ఒకటి.
లేజరు కొలబద్ద పైకెత్తి చూస్తే
స్ప్రింక్లర్ మెడకు దారం,
దారానికి హిమ్మెలి:
రై గడ్డి పుల్లల్ని కోసి, కూర్చి,
ఊపిరి తగిలినా తిరిగే గడ్డి గోపురం.

నిబంధన నాలుక చివరిదాకా వచ్చింది.
ఆ ఎర్ర గాజు చుక్కకు ఏదీ తగిలించకూడదు.
రంగు కూడా అంటకూడదు.
అరవై ఎనిమిది డిగ్రీల దగ్గర
దాని పని ఒక్కటే, పగలడం.

ఆవిడే ముందు అంది:
"గోడకి మేకు కొట్టనివ్వరు.
ఈ గది మొత్తంలో కొక్కెంలా ఉన్నది ఇదొక్కటే.
నా కోసమే పెట్టారనుకున్నాను."

కుర్చీ ఎక్కాను. దారం విప్పాను.
కింద ఎక్కడ పెట్టను?
బల్లమీద పెడితే ఒక పక్కకు ఒరిగింది,
మంచంమీద పెడితే చదునైపోయింది.
వేలాడకపోతే హిమ్మెలి ఉండదు,
గుప్పెడు గడ్డి ఉంటుంది.
ఆవిడ నన్నేమీ అనలేదు.
కాఫీ ఇచ్చింది. అదే ఇబ్బంది.

ఇవాళ మళ్లీ తెరముందు.
కవాటాలకు గుర్తులున్నాయి, పంపులకున్నాయి,
స్ప్రింక్లర్లలోనే నలభై రకాలున్నాయి.
కొక్కేనికి గుర్తు లేదు.
చిన్న సున్నా గీసి తోక పెట్టాను.
మీట నొక్కి నాటించలేదు.
ఒక్కో గదిలో కిటికీ ఎటుందో చూసి,
వెలుతురు తగిలేచోట, నీటి దారికి దూరంగా,
ఒక్కొక్కటీ చేత్తో పెట్టాను.

టోర్స్తి వంగి చూశాడు. "ఇదేం పరికరం? ఎంత బరువు మోస్తుంది?"
"పిడికెడు గడ్డి."
నవ్వుతాడనుకున్నాను. గీసుకున్న గాలిగొట్టాన్ని
ఆరో గదిలో కొంచెం పక్కకు జరిపాడు.

సాయంత్రం సామగ్రి జాబితా తీస్తే
అన్నిటికన్నా కింద, ధర లేని వరుసలో,
సాఫ్ట్‌వేర్ రాసింది:
తెలియని వస్తువు, ఇరవై రెండు.
దిద్దలేదు. అలాగే పంపించాను.
కొట్టేసేవాళ్లు కొట్టేయనీ,
కొట్టేసేముందు ఒకసారి అదేమిటని అడుగుతారు కదా.

పద్నాలుగో గది ఈ ఫైలులో లేదు.
శనివారానికి టోర్స్తి దగ్గర
నిచ్చెన అడగాలి.